గండిపేటలో తెడ్డు పడవలు తిప్పుకోనిస్తే పోయేదేంటి?

తెడ్డుబాబు (నార్సింగి)

ప్రశ్న చిన్నదే, గోడు కొంచెం పెద్దది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో ఒక కయాక్ కొన్నాను. పది అడుగుల ప్లాస్టిక్ పడవ, పసుపు రంగు, అడుగున రెండు గీతలు తప్ప బాగానే ఉంది. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ ఎక్కితే గండిపేట నీళ్లు కనపడతాయి. పడవేమో సెల్లార్‌లో పక్కింటివాళ్ల తుప్పు పట్టిన కూలర్ పక్కన గోడకి ఆనించి ఉంటుంది. దాన్ని నీళ్లలో పెట్టాలంటే ఆదివారం నాలుగున్నరకి లేచి, కారు మీద తాళ్లతో కట్టుకుని, వికారాబాద్ దాటి కోట్‌పల్లి ప్రాజెక్టు దాకా పోవాలి. అక్కడ గంటన్నర తెడ్డేసి మళ్లీ ట్రాఫిక్‌లో వెనక్కి. ఎదురుగా ఇంత నీళ్లు పెట్టుకుని ఇదేం ఖర్మ అని మా ఆవిడ నవ్వుతుంది. పడవ కొన్నందుకు నవ్వుతుందో, మోస్తున్నందుకో అడగలేదు.

ఎవరిని కదిలించినా ఒకటే మాట, "అది తాగే నీళ్ల చెరువు". సరే, ఒప్పుకుంటా. కానీ సిటీ తాగేది ఇప్పుడు ఎక్కువగా కృష్ణా, గోదావరి నీళ్లే కదా, గండిపేట, హిమాయత్‌సాగర్ వాటా ఎంతని? ఆ నీళ్లయినా ఫిల్టర్ కాకుండా ఎవరి నల్లాకీ రావు. ఒడ్డున పార్కు పెట్టారు, టికెట్ పెట్టారు, బిర్యానీ పొట్లాలు, చిప్స్ కవర్లు గాలికెగిరి నీళ్లలో పడుతుంటే లేని భయం నా తెడ్డు తగిలితే వచ్చిందా?

నేను స్పీడ్ బోట్లు అడగట్లేదు. ఇంజను లేని తెడ్డు పడవలు, తెరచాప పడవలు, పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, సంఖ్యకి పరిమితి పెట్టి, ఫీజు తీసుకుని వదలండి అంటున్నాను. ఇందులో నాకు కనపడని చిక్కు ఏమైనా ఉంటే చెప్పండి. తిట్టినా పర్లేదు, కారణం చెప్పి తిట్టండి.


పాత నల్లా (రిటైర్డ్, ఆసిఫ్‌నగర్)

తమ్ముడూ, కారణం చెప్పి తిట్టమన్నావు కాబట్టి తిట్టను, కారణమే చెప్తా.

ముందు ఆ చెరువు ఎందుకు కట్టారో చూడు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వచ్చి ఊరిని ఊడ్చుకుపోయింది, వేల మంది పోయారు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి, మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (అదే ఈ గండిపేట), ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో పూర్తయింది, రెండోది 1927లో. అంటే ఇది మొదట వరదని పట్టి ఆపే తొట్టి, ఆ తర్వాతే తాగునీళ్ల చెరువు. ఆ రెండు పనులూ ఇప్పటికీ చేస్తూనే ఉంది. 2025 సెప్టెంబర్‌లో గేట్లు ఎత్తితే ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లొచ్చి ప్రయాణికులు ఇరుక్కుపోయారు, అప్పుడే మర్చిపోయామా?

ఇంక "వాటా ఎంతని" అన్నావు. వాటా చిన్నదే. కానీ గండిపేట నీళ్లు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకి కాలువలో వాటంతట అవే వస్తాయి, మోటారు అక్కర్లేదు. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు పైపుల్లో, మెట్టు మెట్టుకీ పంపులతో ఎక్కించుకుంటూ తేవాలి. కరెంటు పోయినా, ఎక్కడో పైపు పగిలినా, రిపేరు పేరుతో రెండు రోజులు సప్లై ఆపినా మాకు గుర్తొచ్చేది ఈ ముసలి చెరువే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటుంది చూడు, రోజూ కనపడదు, అవసరమైన రోజున దాని విలువ తెలుస్తుంది. పైగా మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు తెచ్చి ఈ జంట చెరువుల్ని నింపుతామని 2025 సెప్టెంబర్‌లోనే గండిపేటలో శంకుస్థాపన చేశారు. మొత్తం 20 టీఎంసీల పథకంలో రెండున్నర వీటికి. అంటే చెరువు అవసరం తగ్గుతుందనుకుంటున్నావేమో, పెరిగేలా ఉంది.

నీకు కనపడని చిక్కు ఒకటి అడిగావు కదా. గాలి. మూసీ పడమటి నుంచి తూర్పుకి పారుతుంది, కట్ట తూర్పు వైపు ఉంది, నీళ్లన్నీ దానికి పడమర. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మనకి వీచేది పడమటి గాలే. నీ పది అడుగుల ప్లాస్టిక్ డొప్పని ఆ గాలి ఎటు తోస్తుంది? తిన్నగా కట్ట మీదికి, గేట్ల వైపుకి. అదే కాలంలో గేట్లు ఎత్తుతారు. పదిహేను గేట్లలో నాలుగు రెండడుగులు ఎత్తితే పైన నీళ్లు నున్నగా, ఏమీ జరగనట్టే ఉంటాయి, కిందనుంచి లాగుతుంది. నేను కట్ట మీద నిలబడి చూసేవాణ్ణి, గుర్రపుడెక్క గుంపొకటి తీరిగ్గా తేలుతూ వచ్చి, గేటుకి ఇరవై గజాల దూరంలో ఉన్నట్టుండి పరుగందుకుని లోపలికి మాయమయ్యేది. మనిషికీ దానికీ నీటికి తేడా తెలీదు.

పడవలు వద్దనట్లేదు. వానాకాలం నాలుగు నెలలు వద్దు, గేట్లకి ముందు అడ్డంగా బుడగల తాడు కట్టనిదే ఏ నెలలోనూ వద్దు. మిగతాది మీరు మాట్లాడుకోండి.


దేవీపట్నం వాడు (ఇప్పుడు మియాపూర్)

బాబాయ్ గారు గేట్ల సంగతి చెప్పారు, నేను మనుషుల సంగతి చెప్తాను.

మాది గోదారి ఒడ్డు. 2019 సెప్టెంబర్ 15, కచ్చులూరు. పాపికొండల టూరు బోటు, 77 మంది ఉన్నారు, నది వరద పోటు మీదుంది. 26 మంది బయటపడ్డారు. బోటుని తీయడానికి నెల దాటింది, కాకినాడ నుంచి ధర్మాడి సత్యం గారి బృందం వచ్చి లంగర్లు, ఇనుప తాళ్లు వేసి అక్టోబర్ 22న పైకి లాగారు. మా వాళ్లలో గోదారి తెలియనివాడెవడూ లేడు, ఆ మలుపు దగ్గర సుడి సంగతి మా ముసలివాళ్లకి కూడా తెలుసు. తెలిసీ జరిగింది. అంతకు రెండేళ్ల ముందు, 2017 నవంబర్‌లో, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో ఇలాగే. ప్రతిసారీ తర్వాత జీవో వస్తుంది, అన్ని పడవలూ ఆపేస్తారు, కొన్నాళ్లకి ఎక్కడివక్కడ మొదలు.

"అది నది, ఇది కదలని చెరువే కదా" అంటారేమో. వడోదరలో హర్ణి చెరువు ఊరి మధ్యలో ఉంది, అదీ కదలదు. 2024 జనవరి 18న పిల్లలు స్కూలు పిక్నిక్‌కి వెళ్లారు, పన్నెండు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు తిరిగిరాలేదు. ఎక్కాల్సినదానికంటే ఎక్కువ మందిని ఎక్కించారు, అందరికీ లైఫ్ జాకెట్లు లేవు. అంతే. సుడి లేదు, వరద లేదు.

లైఫ్ జాకెట్ అంటే గుర్తొచ్చింది. ఊరు పేరు చెప్పను, పోయినేడాది ఒక చెరువులో మా పాపని పడవ ఎక్కించాను. అక్కడ ఇచ్చిన జాకెట్ బకిల్ విరిగిపోయి, దానికి బదులు పైజామా నాడా లాంటి తాడు కట్టి ఉంది. కాలరు లేదు. బొటనవేలుతో నొక్కి చూశాను, లోపలి ఫోమ్ ముక్కలు ముక్కలై పిండిలా ఉంది, నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయింది, పైకి లేవలేదు. అలాంటిది నీళ్లు పీల్చి ఇంకా కిందికే లాగుతుంది. ఇది వద్దన్నాను. "ఏం కాదు సార్, నడుము లోతే" అన్నాడు కుర్రాడు. నడుము లోతు ఎవరి నడుముకి? పాప వయసు ఐదు. దిగిపోయాం. టికెట్ డబ్బులు వెనక్కివ్వలేదు, అది వేరే సంగతి.

తెడ్డుబాబు గారూ, మీ కయాక్‌తో నాకు పేచీ లేదు, మీకు పడవంటే ఇష్టం, ఈత వచ్చే ఉంటుంది, జాకెట్ సొంతది కొనుక్కునే ఉంటారు. కానీ మీకోసం గేటు తీస్తే వెనకాల మీరొక్కరే రారు. ముందు పది కయాక్‌లు, తర్వాత పెడల్ బోట్లు, ఆ తర్వాత "ఫ్యామిలీ రైడ్" అని ముప్పై సీట్ల పడవ, దాని మీద స్పీకరు. ఇంజను ఉన్న ప్రతి పడవకీ సర్వే, రిజిస్ట్రేషన్, బీమా ఉండాలని 2021 నాటి అంతర్గత జలరవాణా నౌకల చట్టం చెప్తోంది. చట్టంలో ఉంది, బాగానే ఉంది. జాకెట్ నొక్కి చూసేవాడు ఎవడు అన్నదే నా ప్రశ్న.


చిన్న కెప్టెన్ వాళ్లమ్మ (సికింద్రాబాద్)

మీ మాట కొట్టిపారేయను అన్నా, కానీ ఒక అమ్మగా ఇంకోవైపు చెప్తాను.

మా వాడికి పదకొండేళ్లు, హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకుంటున్నాడు. చాలామందికి తెలీదు, అక్కడ ఏటా జాతీయ స్థాయి పోటీలు జరుగుతాయి. పిల్లలకి ముందు నేర్పేది పడవ నడపడం కాదు, పడవ తిరగబడితే ఏం చేయాలో. కోచ్ కావాలనే బోల్తా కొట్టిస్తాడు. పిల్లలు నీళ్లలో పడతారు, లేస్తారు, నవ్వుతారు. ఇక్కడే నా ఏడుపు. ఆ నీళ్లు ఎలాంటివో మీకు చెప్పక్కర్లేదు. ప్రాక్టీసు నుంచి వచ్చాక వాణ్ణి గుమ్మంలోనే ఆపి, బాత్రూంలోకి పంపి, బకెట్లో డెట్టాల్ కలిపి నెత్తి మీద నుంచి పోస్తాను. బట్టలు విడిగా ఉతుకుతాను, అయినా ఆ వాసన టవల్‌కి పడుతుంది. పోయిన వానాకాలం వేళ్ల మధ్య కురుపులు లేచి మూడు వారాలు మాత్రలు వాడాం.

హుస్సేన్‌సాగర్ కూడా ఒకప్పుడు సిటీకి తాగునీళ్లిచ్చిన చెరువే. అక్కడ పడవలు తిప్పి పాడుచేయలేదు, నాలాలు కలిపి, ఫ్యాక్టరీల నీళ్లు వదిలి పాడుచేశారు. గండిపేట పాడైతే అదీ పడవల వల్ల పాడవదు, ఎగువన ఎవరెవరి సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఏ వాగులో కలుస్తున్నాయో దాని వల్ల పాడవుతుంది. అందుకే నేను పిల్లల పడవలు అక్కడ ఉండాలంటాను. రోజూ పొద్దున యాభై మంది పిల్లలు ఆ నీళ్లలో పడి లేస్తుంటే, యాభై మంది అమ్మలు నీళ్లు ఎలా ఉన్నాయో వాసన చూసి పోట్లాడతారు. ఎవరూ వెళ్లని చెరువులో ఏం కలిపినా అడిగేవాళ్లు ఉండరు.

(బుద్ధుడి సంగతి కూడా చెప్పనివ్వండి, మా ఇంట్లో వారానికోసారి వస్తుంది. 1990 మార్చిలో విగ్రహాన్ని బల్లకట్టు మీద తీసుకెళ్తుంటే అది ఒరిగి విగ్రహం హుస్సేన్‌సాగర్ అడుగుకి పోయింది, ప్రాణాలు కూడా పోయాయి. రెండేళ్ల పైనే నీళ్ల కింద పడుకుని 1992 డిసెంబర్‌లో లేచి నిలబడ్డాడు. మావాడు పడవ బోల్తా కొట్టిన ప్రతిసారీ "బుద్ధుడే మునిగాడమ్మా, నేనెంత" అంటాడు.)


మొయినాబాద్ పటేల్

అందరూ పడవలు, పిల్లలు, గాలి గురించి మాట్లాడుతున్నారు, మంచిదే. మా మాట ఎవరికీ గుర్తులేదు, అలవాటే లెండి.

1996 మార్చిలో 111 జీవో వచ్చింది. చెరువుల నుంచి పది కిలోమీటర్ల లోపు 84 ఊళ్లు. ఫ్యాక్టరీ పెట్టొద్దు, పెద్ద బిల్డింగ్ కట్టొద్దు, లేఅవుట్ చేయొద్దు. ఎందుకయ్యా అంటే పట్నం తాగే నీళ్లు కాపాడాలి. సరే అని ఊకున్నాం. అవతల కోకాపేటలో ఎకరం కోట్లకి పోతుంటే మా నాయన పూలతోట పెట్టుకుని పొద్దున మూడింటికి గుడిమల్కాపూర్ మార్కెట్‌కి బంతిపూలు మోశాడు. చెల్లి పెళ్లికి రెండెకరాలు అమ్మబోతే అడిగిన ధర చెప్పడానికి సిగ్గేస్తుంది. అదే జాగాలో ఆ తర్వాత ఎవరెవరివి ఎన్ని ఫామ్‌హౌజ్‌లు లేచాయో, గోడ లోపల ఏముందో రోడ్డు మీద పోయే ఎవరికైనా కనపడుతుంది. 2022లో 69 జీవో తెచ్చి ఆంక్షలు సడలిస్తామన్నారు, ఆ తర్వాత పూర్తిగా తీసేస్తామన్నారు, మా ఊళ్లో ఇప్పటికీ ఏది నడుస్తుందో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు.

ఇప్పుడు నార్సింగి ఏడంతస్తుల పైనుంచి ఒకాయన చూసి, నా పడవకి దారివ్వండి అంటున్నాడు. అన్నా, కోపంగా చెప్పట్లేదు, నువ్వు అడిగిన పద్ధతి మర్యాదగానే ఉంది. కానీ పాతికేళ్ల పైగా మాకు "చెరువు, చెరువు" అని చెప్పినవాళ్లు, రేపు వినోదానికి గేటు తెరిస్తే మేం ఏమనుకోవాలి? మా గేదె నీళ్లలో దిగితే తరిమేవాళ్లు ఉన్నారు. నీ కయాక్‌ని ఎవరూ తరమకూడదా?

పడవలు పెడితే పెట్టండి. ఆ ఫీజు, ఆ కౌంటరు, ఆ తెడ్డు చేతికిచ్చే ఉద్యోగం ఒడ్డున ఉన్న ఊళ్లకి ఇవ్వండి. చేపలు పట్టేవాళ్లని అడగండి, వల ఎక్కడ వేస్తారో, ఎన్నింటికి తీస్తారో. తెల్లారి ఆరింటికే కదా మీ టైం, వాళ్ల వలలు తీసే టైం కూడా అదే. సన్న నైలాన్ వల, నీళ్ల మీద థర్మోకోల్ ముక్కలే గుర్తు. మీ తెడ్డు ఒక్కసారి చుట్టుకుందంటే ఒక మనిషి వారం రోజుల కూలి పోయినట్టు.


ఫ్రీమాంట్ శీను

దూరం నుంచి రెండు మాటలు. సలహా అనుకోకండి, ఇక్కడ చూసింది చెప్తున్నా.

నేనుండేది కాలిఫోర్నియాలో బే ఏరియా. ఇక్కడ తాగునీళ్ల చెరువుల్లో పడవలు తిరుగుతాయి, కానీ రూల్స్ చూస్తే నవ్వొస్తుంది మొదట్లో. శాన్ పాబ్లో రిజర్వాయర్ అని ఉంది, పడవలో వెళ్లొచ్చు, చేపలు పట్టొచ్చు, ఒళ్లు మాత్రం నీళ్లకి తగలకూడదు. ఈత లేదు, పిల్లలు కాళ్లు వేలాడేసి ఆడుకోవడం లేదు. మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు ఒడ్డున వంగి దోసిట్లో నీళ్లు తీసి నెత్తిన చల్లుకోబోతే నేను పరిగెత్తాల్సి వచ్చింది. "గంగ తాకితే తప్పేంట్రా" అని ఇప్పటికీ అంటుంది. తెడ్డుబాబు గారు అడిగినదానికి ఇది దగ్గరగా ఉంది. చిన్న కెప్టెన్ వాళ్లమ్మ గారు అడిగినదానికి మాత్రం కాదు, బోల్తా కొట్టి నేర్చుకునే పిల్లలకి ఇక్కడైతే ఆ చెరువులో చోటు దొరకదు. మీరిద్దరూ ఒకటే అడుగుతున్నట్టు కనపడుతోంది కానీ కాదు.

ఇంకోటి, ఎవరూ అనలేదు కాబట్టి. పడవ తాను వెళ్లిన చెరువుల్ని కొంచెం కొంచెం వెంట మోస్తుంది. 2024 అక్టోబర్‌లో స్టాక్టన్ రేవులో గోల్డెన్ మసెల్ అనే చిన్న ఆల్చిప్ప కనపడింది, ఉత్తర అమెరికాలో అదే మొదటిసారి. చూడ్డానికి చిన్నదే కానీ పైపుల లోపల గుత్తులు గుత్తులుగా అంటుకుని దారి మూసేస్తుంది. అప్పటి నుంచి చాలా చెరువుల దగ్గర పడవని తనిఖీ చేసి, సీలు వేసి, కొన్నిచోట్ల నెల రోజులు ఆరబెట్టాకే దింపనిస్తున్నారు. మనకి ఆ ఆల్చిప్ప లేకపోవచ్చు, గుర్రపుడెక్క ఉంది. చిటికెన వేలంత ముక్క పడవ అడుగున ఇరుక్కుని హుస్సేన్‌సాగర్ నుంచి గండిపేటకి వస్తే చాలు, మిగతా పని అదే చూసుకుంటుంది. పొద్దున అక్కడ ప్రాక్టీసు, సాయంత్రం ఇక్కడ సరదా అంటే కుదరదు.

ఇంజన్ల సంగతి మీరే వద్దన్నారు కాబట్టి ఒక్క ముక్క. పాత టూ స్ట్రోక్ మోటార్లు పోసిన ఆయిల్, పెట్రోల్‌లో నాలుగో వంతు దాకా కాల్చకుండానే నీళ్లలోకి వదులుతాయి. భోపాల్ పెద్ద చెరువులో మోటారు పడవలు, క్రూజ్‌లు ఆపమని 2023లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, అదీ తాగునీళ్ల చెరువే. రేపు ఎవరైనా ఇక్కడ "రెండే రెండు మోటారు బోట్లు, రెస్క్యూ కోసం" అంటే, అవి రెస్క్యూకే ఉంటాయా అని గట్టిగా అడగండి. బ్యాటరీ మోటార్లు ఇప్పుడు బాగానే వస్తున్నాయి.


తెడ్డుబాబు (నార్సింగి)

అందరికీ థాంక్స్. నిజం చెప్పాలంటే "అవును బాస్, నీ హక్కు" అని నలుగురంటారని రాశాను, ఇలా తల వాచేలా వస్తాయనుకోలేదు.

పాత నల్లా గారూ, గాలి సంగతి చదివి నిన్న సాయంత్రం కట్ట వైపు వెళ్లి నిలబడ్డాను. మీరన్నది నిజం. వేరుశనగ పొట్లం కాగితం ఒకటి నీళ్లలో తేలుతోంది, పది నిమిషాల్లో కట్ట రాళ్లకి వచ్చి కొట్టుకుంది. నేను ఎప్పుడూ టెర్రస్ మీద నుంచే చూశాను, పైనుంచి నీళ్లు కదులుతున్నట్టే అనిపించవు. వానాకాలం మూసేయాలన్నది ఒప్పుకుంటున్నా. శీను గారి ముప్పై రోజులు కూడా ఒప్పుకుంటా, మా సెల్లార్‌లో అది ఎలాగూ నెలకి ఇరవై తొమ్మిది రోజులు ఆరుతూనే ఉంటుంది.

దేవీపట్నం అన్నా, జాకెట్ నాది సొంతదే, కానీ మీ పోస్టు చదివాక తీసి బొటనవేలుతో నొక్కి చూశాను. లేచింది. మా తమ్ముడికిచ్చే రెండోది లేవలేదు, పారేశాను.

పటేల్ గారూ, మీకు ఏం సమాధానం చెప్పాలో తెలియక రెండు రోజులు ఆగాను. నేను ఆ ఫ్లాట్ కొన్నప్పుడు బ్రోచర్‌లో "లేక్ వ్యూ" అని రాసి దానికి స్క్వేర్ ఫీటుకి ఇంత అని అదనంగా తీసుకున్నారు. ఆ వ్యూ అలా ఖాళీగా మిగలడానికి మీ ఊళ్లు కారణమని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వల వేసేవాళ్లతో మాట్లాడాలని ఉంది. ఎవరినైనా పరిచయం చేస్తారా, పడవ లేకుండానే వస్తాను.


మొయినాబాద్ పటేల్

రా అన్నా. శుక్రవారం పొద్దున్నే రా, ఆదివారం జనం ఎక్కువుంటారు. ఐదున్నరకల్లా ఒడ్డున ఉండు, ఆరున్నర దాటితే చేపలు తూకానికి పోతాయి, ఎవరూ మాట్లాడరు. నాకు మెసేజ్ పెట్టు, ఎటు రావాలో చెప్తా. వచ్చేటప్పుడు పాల ప్యాకెట్ ఒకటి పట్టుకురా, అక్కడ చాయ్ పెట్టే ముసలమ్మ దగ్గర పొద్దున పాలు ఉండవు.


చిన్న కెప్టెన్ వాళ్లమ్మ (సికింద్రాబాద్)

శీను గారు అన్నది ఆలోచించాను. ఒళ్లు తడవకూడదంటే మా పిల్లలకి పనికిరాదు, నిజమే. అయితే నా పోరాటం గండిపేట కోసం కాదు, హుస్సేన్‌సాగర్ బాగుచేయడం కోసమే అనుకోవాలేమో. అదింకా కష్టం. సరే, పటేల్ గారూ, శుక్రవారం మావాడికి స్కూలు ఉంది, లేకపోతే వల తీయడం చూపించడానికి తెచ్చేదాన్ని. దసరా సెలవుల్లో ఒక రోజు కుదురుతుందా?


పాత నల్లా (రిటైర్డ్, ఆసిఫ్‌నగర్)

దసరాకి గేట్లు ఎత్తి ఉంటే ఒడ్డు దాకా కూడా తేకమ్మా. ముందురోజు నాకు ఫోన్ చెయ్, నీటిమట్టం నిండు మట్టమైన 1790 అడుగులకి ఎంత దగ్గరుందో కనుక్కుని చెప్తా. పాతవాళ్లు ఇంకా ఒకరిద్దరు డ్యూటీలో ఉన్నారు.